పద్నాలుగో నంబరు పాయింటు దగ్గర

మా సిగ్నల్ సార్ పోయారన్న కబురు నాకు ఎల్బీనగర్ మెట్రో ప్లాట్‌ఫామ్ మీద, ఫోన్లో, పాత స్టాఫ్ గ్రూపులో కనిపించింది. "మన సార్ ఇక లేరు" అని ఒకే ఒక్క లైను. దాని కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. నేను నమ్మలేదు. దుఃఖంతో నమ్మలేకపోవడం కాదు, నిజంగానే అనుమానం వచ్చింది. అదే గ్రూపులో అంతకుముందు ఒకసారి బతికున్న మనిషికి ఇలాగే దండాలు పెట్టేస్తే, ఆయనే వచ్చి "నేనున్ననయ్యా, చాయ్ తాగుతున్న" అని రాసుకోవాల్సి వచ్చింది. మెసేజ్ పెట్టినతనికి ఫోన్ చేశాను.

"నువ్వు చూశావా?"

"లే మేడం. నాకు ఇంకొకాయన జెప్పిండు."

ఆ ఇంకొకాయనకి చేశాను. ఆయనా చూడలేదు. ఆయనకి సార్ వాళ్ల ఇంటి పక్కన ఉండే ఎవరో చెప్పారట. ఇద్దరు చెప్పారు కానీ ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. ఇలాంటి సాక్ష్యాన్ని ఆయనైతే రెండు వేళ్లతో పట్టుకుని అవతల పడేసేవారు. నేను ఆఫీసుకు వెళ్లడం మానుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి ఆటో ఎక్కాను.

సరూర్‌నగర్ చెరువు వైపు పోయే రోడ్డు నుంచి లోపలికి తిరిగితే మూడో సందులో వాళ్ల ఇల్లు. గేటు బయట చెప్పులు చాలా ఉన్నాయి. లోపల, హాల్లో, అద్దం మూత ఉన్న ఐసు పెట్టె. అద్దం మీద చెమ్మ పట్టింది. కొంగుతో తుడిచి చూశాను. ఆయనే. ఎడమ కనుబొమ మీద పాత గాటు, సిగ్నల్ నిచ్చెన మీంచి జారినప్పటిది. అప్పుడు నమ్మాను, అప్పుడే ఏడుపూ వచ్చింది. ఆయన భార్యని నేను అమ్మా అనే పిలిచేదాన్ని. ఆవిడ నన్ను చూసి "ఒచ్చినవా" అని, మొహం పక్కకి తిప్పుకుంది. అది నాకు కొత్త కాదు. ఆ ఇంట్లో ఆవిడ నాతో ఎప్పుడూ అంతకన్నా ఎక్కువ మాట్లాడలేదు. కారణం ఏమిటా అని నేను ఏళ్లుగా అనుమానపడుతూనే ఉన్నాను.

ఆయన రైల్వేలో సిగ్నల్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. నేను ఆయన దగ్గర పని నేర్చుకున్నదాన్ని. మా నాన్న గూడ్సు రైళ్ల మీద గార్డు. రాజమండ్రి వైపు నుంచి బదిలీ మీద వచ్చి, ఎల్బీనగర్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని, సర్వీసులో ఉండగానే పోయారు. ఆయన బదులు నాకు సిగ్నల్ విభాగంలో హెల్పర్ ఉద్యోగం ఇచ్చారు. చేరిన రోజు అందరూ నా మీద ఎంతో దయ చూపించారు. "నువ్వు బయటికెందుకమ్మా, ఆఫీసులో కూచో, రిజిస్టర్లు రాస్కో" అన్నారు. దయ చూపించనిది ఈయనొక్కరే. నన్ను లైను పక్కకి తీసుకుపోయి, ఒక సిగ్నల్ స్తంభం చూపించి "ఎక్కు" అన్నారు. చీర కట్టుకొచ్చాను. కొంగు దోపుకుని, వణుకుతూ ఎక్కి, వణుకుతూ దిగాను.

"మీద పిట్ట గూడు జూసినవా?"

నేను చూడలేదు. నిచ్చెన మెట్లు తప్ప నేనేమీ చూడలేదు.

"మల్ల ఎక్కు."

మళ్లీ ఎక్కాను. ఈసారి అద్దాల వెనకా, టోపీ రేకు కిందా అంతా వెతికాను. దిగి వచ్చి భయపడుతూ చెప్పాను. "గూడేం లేదండి సార్."

"లేదా? మరి నేనెందుకడిగిన?"

"నాకేం తెలుసండీ. నాకైతే కనబడలేదు."

"గట్లనే జెప్పాలె," అన్నారు. అక్కడ గూడు ఏనాడూ లేదని తర్వాత వాళ్లూ వీళ్లూ చెప్పగా తెలిసింది. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఒక సంగతి అర్థమైంది. మిగిలినవాళ్లు నన్ను అనుమానించలేదంటే నా నుంచి ఏ పనీ ఆశించలేదు కాబట్టి. ఈయన అందరినీ అనుమానించినట్టే నన్నూ అనుమానించారు. నా ఉద్యోగ జీవితంలో నాకు దక్కిన మొదటి మర్యాద అదే.

ఆయన అనుమానం పనితో ఆగేది కాదు. ఇంటికి తాళం వేస్తే తను మూడుసార్లు గుంజి, తర్వాత అమ్మ చేత గుంజించి, ఇద్దరూ "పడ్డది" అంటే "పడ్డది" అనుకుని గానీ గేటు దాటేవారు కాదు. గ్యాసు కట్టేశానని ఆవిడ చెబితే సరిపోదు, సిలిండర్ దాకా వెళ్లి చూసేవారు. కొత్తపేట రైతుబజార్లో టమాటా గంప పైవరస చూసి ఎవరైనా మెచ్చుకుంటే, గంప అడుక్కి చెయ్యి పెట్టి ఒకటి పైకి తీసి వాళ్ల మొహం ముందు పెట్టేవారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాలు లేచినప్పుడు ఒక మధ్యాహ్నమంతా ఫుట్‌పాత్ మీద అటూ ఇటూ నడిచి, ఏ స్తంభం ఏ ట్రాఫిక్ దీపాన్ని ఎంత దూరం నుంచి దాస్తుందో చూసుకుని వచ్చారట. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. ఊరికే చూసుకున్నారు.

ఆ చూపు ఆయనకి లోకల్ లైన్‌కి కరెంటు వచ్చిన రోజుల్లో పడింది. అప్పటిదాకా మా వైపు డీజిల్ ఇంజన్లు లాగే పాసింజర్లే. చేత్తో లాగే లివర్లు, రెక్క లేపి దించే సిగ్నళ్లు. వాటన్నిటినీ తీసేసి, పైన కరెంటు తీగలు, కింద రంగు దీపాల సిగ్నళ్లు, స్టేషన్లో మీటలు నొక్కే ప్యానెల్ పెడుతున్నారు. అందరూ తీగల వైపు తలెత్తి చూస్తుంటే ఆయన ఒక మడత స్టూలు చంకన పెట్టుకుని పట్టాల వెంట నడిచేవారు. వంద అడుగులకొకసారి స్టూలు వేసి ఎక్కి నిలబడేవారు. డ్రైవర్ కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయో అంత ఎత్తు నుంచి చూడాలని. కొత్తగా పాతిన కరెంటు స్తంభం ఒకటి ఒక సిగ్నల్‌ని సరిగ్గా దాచేస్తోందని అలాగే పట్టుకున్నారు. ఇంజనీర్లు నక్షా చూపించి దాచదని వాదించారు. ఆయన వాదించలేదు. స్టూలు దిగి, "ఎక్కి చూడుండ్రి సార్" అన్నారు. నాలుగో రోజున సిగ్నల్‌ని ఇవతలికి జరిపారు.

కరెంటు రైళ్లంటే ఆయనకి కోపమని కొందరు చెప్పుకునేవారు. అది అబద్ధం. ఆయనకి కొత్తదంటే ఇష్టమే, చూడకుండా సంతకం పెట్టడమంటేనే కోపం. నాకు రోజుకు పదిసార్లు చెప్పే మాట ఒకటుండేది. "ఏం కనబడ్తున్నదో గది జెప్పు. ఏముండాలెనో నాకెర్కనే."

ఇప్పుడు చెప్పబోయేది నేను ఎక్కడా చెప్పని సంగతి.

ఒక చిన్న స్టేషన్లో ఆఖరి పరీక్షలు జరుగుతున్నాయి. స్టేషన్ పేరు రాయను, అక్కడ ఇంకా పనిచేసేవాళ్లున్నారు. మర్నాడు ఉదయం మొదటి కరెంటు రైలు దండలు వేసుకుని రావాలి. పెద్ద అధికారులు వస్తున్నారు. రైలు ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి మారే చోటుని మేం పాయింటు అంటాం. లోపల ప్యానెల్ మీద మీట నొక్కితే బయట మోటారు తిరిగి, కదిలే పట్టా అటో ఇటో జరుగుతుంది. పట్టా ఎటు జరిగిందో లోపల దీపం వెలిగి చూపిస్తుంది. ఆ దీపం చూపేదీ, బయట నిజంగా ఉన్నదీ ఒకటేనా అని ఒక్కో పాయింటుకీ ఇద్దరు కలిసి చూడాలి. ఒకరు లోపల ప్యానెల్ దగ్గర, ఒకరు బయట పట్టా దగ్గర, చేతుల్లో వాకీటాకీలు. బయట ఉన్నవాళ్లు ముందు చెప్పాలి. లోపలున్నవాళ్లు ఏం చూస్తున్నారో చచ్చినా ముందు చెప్పకూడదు. చెబితే బయటివాళ్లకి చూడాల్సిన అవసరం ఉండదు కదా. ఇది పుస్తకంలో ఉందో లేదో నాకు తెలియదు. ఆయన దగ్గర మాత్రం ఇది తప్పేది కాదు.

ఆయన లోపల. నేను బయట. పొద్దున్నుంచి ఎండలో నిలబడి ఉన్నాను. నాలుగు గంటలప్పుడు, పద్నాలుగో నంబరు పాయింటు దగ్గర, దాహానికి ఆగలేక, ఇరవై అడుగుల అవతల కరెంటు స్తంభం నీడలో పెట్టుకున్న సీసా కోసం వెళ్లాను. పట్టా వైపు నా వీపు ఉంది. వెనక మోటారు తిరిగిన చప్పుడు విన్నాను. ఆయన గొంతు అలిసిపోయి ఉంది. ఆ ఒక్కసారి, నా ఎరుకలో ఆ ఒక్కసారే, ఆయన తన పద్ధతి తప్పారు.

"పద్నాలుగు నేరుగ పడ్డది కద బిడ్డా?"

నేను నీళ్లు మింగి, "పడింది సార్" అన్నాను.

వెనక్కి తిరగలేదు. అంతే జరిగింది. పాఠకులు దీన్ని చిన్న తప్పే అనుకోవచ్చు. నేనూ చాలా ఏళ్లు అలా అనుకోవడానికే ప్రయత్నించాను.

సంతకాలు పెట్టే ముందు ఆయన స్టేషన్ ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి నడిచేవారు. అందరూ దాన్ని సార్ వాకింగ్ అని నవ్వేవారు. ఆ సాయంత్రం నడుస్తూ పద్నాలుగు దగ్గర ఆగిపోయారు. వంగి, రెండు పట్టాల మధ్య చెయ్యి పెట్టి చూశారు. నన్ను పిలిచి "ఏం కనబడ్తున్నది?" అన్నారు. నేను చూశాను. పట్టా పక్కకి తిరిగి ఉంది. లోపల దీపం నేరుగా ఉందని చెబుతోంది. మోటారు పెట్టెలో ఎవరో రెండు తీగలు అటుదిటు కలిపారు. మర్నాడు దండలు వేసుకొచ్చే రైలు, పచ్చ దీపం చూసుకుని, నేరుగా పోతున్నాననుకుంటూ పక్క లైన్లోకి తిరిగేది. పక్క లైన్లో పట్టాలు పరిచే సామాన్ల బండి నిలబడి ఉంది.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మొహంలోకి కూడా చూడలేదు. లోపలికి వెళ్లి, అప్పటిదాకా రాసిన పరీక్ష కాగితాలన్నీ అడ్డంగా కొట్టేసి, "మొదటికెల్లి జేద్దాం" అన్నారు. మళ్లీ అంతా చేసేసరికి మర్నాడు మధ్యాహ్నం దాటింది. దండలు వాడిపోయాయి. అధికారులు వెనక్కి వెళ్లిపోయారు. మొదటి రైలు ఒక రోజు ఆలస్యంగా కదిలింది.

ఆలస్యానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా. మా ఇద్దరినీ విడివిడిగా లిఖితపూర్వకంగా వివరణ అడిగారు. నేను ఇంట్లో కూర్చుని, మా అమ్మా తమ్ముడూ నా జీతం మీదే ఉన్నారని పదిసార్లు గుర్తు చేసుకుని, ఇలా రాశాను: "నేను చూశాను. నేరుగా ఉన్నట్టే కనిపించింది. ఎండ వల్ల పొరబడి ఉండవచ్చు."

నెల తిరక్కుండా నన్ను ఊరికి అవతలి వైపు సెక్షన్‌కి మార్చారు. ఎవరు మార్పించారో, ఎందుకు మార్పించారో ఎవరూ చెప్పలేదు. నాకు ఒకటే అనుమానం. నేను చూడలేదని ఆయన రాసి ఉంటారు. రాయకపోతే నన్నే ఎందుకు మారుస్తారు? ఇంకో అనుమానం కూడా ఉండేది, అది ఇంకా నీచమైనది. ముందు జవాబు చెప్పింది తనే కాబట్టి, తన తప్పు దాచుకోవడానికి నన్ను ముందుకు తోసి ఉంటారు. ఆ అనుమానం నాకు చాలా సుఖంగా ఉండేది. దాన్ని పెట్టుకుని పదేళ్ల పైన ఆయన గడప తొక్కలేదు. ఆయన రిటైరైన రోజున దండ వేయడానికి కూడా వెళ్లలేదు.

మళ్లీ కలిసింది మెట్రోలోనే. ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చిన కొత్తల్లో, మొదటి బోగీలో, డ్రైవర్ తలుపుకి ముక్కు ఆనించి ఒక ముసలాయన నిలబడి ఉన్నారు. చంకలో మడత స్టూలు లేదు కానీ ఆ నిలబడే తీరు నాకు తెలుసు. చైతన్యపురి దాటుతుంటే వెనక్కి తిరిగి, నిన్ననే విడిపోయినట్టు మాట్లాడారు.

"బయట లైట్లే లేవు బిడ్డా. ఒక్క సిగ్నల్ లేదు. కని ఎక్కడ ఆగాలెనో అక్కడ ఆగుతున్నది. ఎవలు జెప్తున్నరు దీనికి?"

సిగ్నల్ డ్రైవర్ ముందు తెర మీదికే వచ్చేస్తుందని, ముందు రైలు ఎంత దూరంలో ఉందో యంత్రమే చూసుకుంటుందని చెప్పాను.

"నువ్వు జూసినవా?"

"లేదు సార్. చదివాను."

"సదివినవు," అన్నారు. ఆ మాటలో ఎగతాళి ఉందో లేదో నాకు తేలలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగుతూ ఇంటికి రమ్మన్నారు.

అప్పటినుంచి నెలకోసారైనా వెళ్లేదాన్ని. ఆయన పాత సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అప్పటికి డిపార్ట్‌మెంటు పరీక్షలు రాసి నేనూ ఇంజనీరునయ్యాను. లోకల్ లైన్లో ప్యానెళ్లు తీసేసి కంప్యూటర్లు పెట్టే పనిలో ఉన్నాను. ఆయనకి అవన్నీ పూసగుచ్చినట్టు చెప్పాలి. కొత్త కంప్యూటర్లో రెండు మెదళ్లుంటాయని, రెండూ విడివిడిగా లెక్క చూసుకుని, రెండూ ఒకటే చెబితేనే సిగ్నల్ పచ్చ అవుతుందని, ఏమాత్రం తేడా ఉన్నా ఎర్రగానే ఉండిపోతుందని చెప్పిన రోజున ఆయన కుర్చీలో ముందుకి జరిగారు.

"అంటే ఒకదాన్నొకటి నమ్మవా?"

"నమ్మవు సార్."

"అబ్బ," అన్నారు. అంత తృప్తిగా ఆయన నవ్వడం నేను ముందెప్పుడూ చూడలేదు. "నాకన్న అనుమానపు మనిషిని తయారు జేసిండ్రన్నట్టు." అమ్మని కేకేసి మరీ ఆ సంగతి చెప్పారు. ఆవిడ చాయ్ గ్లాసు నా ముందు పెట్టి, ఆయన వైపే చూసి "మంచిది" అని లోపలికి పోయింది. ఆవిడకి నా మీద ఏదో ఉందని ప్రతిసారీ అనిపించేది. పరాయి ఆడమనిషి పనిగట్టుకుని వచ్చి మొగుడితో గంటలు గంటలు మాట్లాడుతోందనేమో అనుకున్నాను. నా బుర్ర అక్కడికే పోయింది మరి.

ఆఖరిసారి చూసింది పోవడానికి మూడు వారాల ముందు. దవాఖాన నుంచి తీసుకొచ్చారు. గొంతు బాగా తగ్గిపోయింది. మంచం పక్కన కూర్చుని కొత్త స్టేషన్ పరీక్షల గురించి చెబుతున్నాను. మధ్యలో ఆపి, కళ్లు మూసుకునే అడిగారు.

"ఆ దినం పద్నాలుగు ఎట్లుండె బిడ్డా?"

గమనించారా, జవాబు ఆయన చెప్పలేదు. నేరుగా ఉండెనా అని అడగలేదు, నువ్వు చూసినవా అని కూడా అడగలేదు. ఎట్లుండె అనే అడిగారు. పద్ధతి ప్రకారం అడిగారు. నేను మాత్రం ఆ ముసలి ప్రాణానికి ఇప్పుడెందుకు బాధ అనుకున్నాను. అనుకున్నానని చెబుతున్నాను గానీ, అదీ అబద్ధమే. భయపడ్డాను.

"నేరుగానే కనిపించింది సార్," అన్నాను.

"సరె," అని అటు తిరిగి పడుకున్నారు.

పదకొండో రోజున వాళ్ల మేడ మీద పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ ఆకులో వడ్డించి పిట్టగోడ మీద ఉంచుతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిపోయిందని అంటారు. అన్నం, చేపల పులుసు, గారెలు, చిన్న గ్లాసులో చాయ్ పెట్టారు. కాకి ఒకటి కేబుల్ తీగ మీద కూర్చుని ఉంది. రానే రాదు. చుట్టాలు ఒక్కొక్కరూ తీగ వైపు చూసి మాట ఇస్తున్నారు. "మనుమరాలి సదువు ఆపం, ముట్టు." "అమ్మను మంచిగ జూస్కుంటం, ముట్టు." కాకి ఈకలు సర్దుకుంటోంది. ఎండ నడినెత్తికొచ్చింది. కింద వంటవాళ్లు పిలుస్తున్నారు. అందరం ఆకుకి దూరంగా, మెట్ల గది నీడలో నిలబడ్డాం. చుట్టాల్లో ఒకాయన ఉన్నట్టుండి "ముట్టింది, ముట్టింది, నేను జూసిన" అన్నాడు. "ఆ ముట్టింది" అని ఇంకో ఇద్దరు. చెప్పుల చప్పుడు మెట్ల వైపు మళ్లింది.

అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోదానికి ఇంకా కాలేదు. పక్కన నేనున్నానని తెలిసి నా వైపు తిరిగింది.

"ముట్టింది కద బిడ్డా?"

ముట్టిందమ్మా అన్న మాట నా నాలిక చివర ఉంది. ఆ మాట ఎంత తేలిగ్గా వస్తుందో నాకు తెలిసినంతగా ఆ మేడ మీద ఎవరికీ తెలియదు. నేను నీడలోంచి బయటికి నడిచాను. ఆకు దాకా వెళ్లాను. వంగి చూశాను. అన్నం ముద్ద పెట్టింది పెట్టినట్టే ఉంది. గారెలు మూడూ ఉన్నాయి. ఆకు అంచున చీమలు బారు కట్టాయి.

"లేదమ్మా," అన్నాను. "ముట్టలేదు. చీమలొచ్చాయి, అంతే."

"ఏందమ్మా గట్లంటవ్, జూసినమంటున్నం గద," అన్నాడాయన.

"ఏ వైపు నుంచి ముట్టిందండీ?"

ఆయన తల గోక్కున్నాడు. "ఏమో. వాలినట్టే అనిపిచ్చింది."

అమ్మ చెయ్యెత్తింది. "ఎవరు కిందికి పోకుండ్రి. నిలవడుండ్రి." అందరూ గొణుక్కుంటూ మళ్లీ నీడలోకి చేరారు. నన్ను చూసిన చూపుల్లో ఆకలి, కోపం రెండూ ఉన్నాయి. నేను వచ్చి అమ్మ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. ఇంకో రోజు వరకు ఆగితే ఇంకో ఇరవై ఏళ్లు ఆగిపోతానని నా మీద నాకే అనుమానం. అక్కడే, ఆవిడకి మాత్రమే వినపడేలా చెప్పాను. "అమ్మా, ఆ రోజు పద్నాలుగు నంబరు దగ్గర నేను చూడలేదు. వెనక్కి తిరిగి నీళ్లు తాగుతున్నాను. చూశానని అబద్ధం రాశాను. మొన్న సార్ అడిగితే మళ్లీ అబద్ధమే చెప్పాను."



"నీ మీద నాకు మస్తు కోపముండె బిడ్డా," అంది ఆవిడ. "ఆయనకు ప్రమోషన్ ఆగింది. ఆఖరి దాంక గదే పోస్టుల ఉన్నడు. ఆఫీసుకిచ్చే కాయితం ముందుగాల నాకు సదివి వినిపిచ్చిండు. 'జవాబు నేనే ముందు జెప్పిన, గందుకే పరీక్ష ఖరాబైంది, తప్పు నాది' అని రాసిండు. నీ మాటే లేదు అండ్ల. 'మరి ఆ పిల్ల జూసిందా లేదా, అదెందుకు రాయలే' అని కొట్లాడిన నేను."

"ఏమన్నారు?"

"'అది ఆమె జెప్పాలె. నేను జెప్తే మల్ల ముందే జెప్పినట్టయితది' అన్నడు."

నేను మొహం మోకాళ్లలో దాచుకున్నాను. ఇరవై ఏళ్లు ఆ మనిషి వాకీటాకీ చెవికి పెట్టుకుని, అటునుంచి నా గొంతు కోసం ఎదురుచూశారు. నేను ఆయన్నే అనుమానిస్తూ కూర్చున్నాను. సార్, నేను చూడలేదు. ఈ మాట మీకు చెప్పాల్సింది, పాఠకులకి చెబుతున్నాను.

నీడలో మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. అమ్మ తడుముకుని నా భుజం పట్టుకుంది. మేడ మీద అంతమంది ఉన్నారు, ఎవరినీ అడగలేదు. నా వైపే వంగి, మెల్లగా అడిగింది.

"ఏం కనబడ్తున్నది బిడ్డా?"

కళ్లు తుడుచుకుని తలెత్తాను. ఈసారి బాగా చూశాకే చెప్పాను.

"కాకి దిగిందమ్మా. గోడ మీద, ఆకుకి జానెడు దూరంలో ఉంది. ఒక కంటితో చూసింది. ఇప్పుడు తల తిప్పి రెండో కంటితో చూస్తోంది. ఇంకా ముట్టలేదు."